సంబంధం: లేదు

2 జూన్ 2025, సోమవారం

ఐదింటికి లేచాను. ముగ్గు, పాలు, డికాక్షన్. బట్టలు రెండు బకెట్లు. ఇడ్లీకి బియ్యం, మినుములు నానబోశాను. ఆయన చొక్కాలు ఐదు ఇస్త్రీ. చింతపండు కిలో, గింజలు తీసి ఉప్పు రాసి జాడీలో పెట్టాను. మధ్యాహ్నం అరగంట నడుం వాల్చాను. షాపుకి భోజనం పంపించాను. గ్యాస్ బుక్ చేశాను.

సాయంత్రం మేడమీద అద్దెకుండే సరణ్య కిందికి వచ్చింది. ఆ అమ్మాయి పనిచేసే సంస్థ జైల్లో ఖైదీలకు ట్యాబ్లెట్లు ఇస్తోందట. అందులో పాఠాలు, పుస్తకాలు, కోర్టు వాయిదా తేదీలు ఉంటాయి. ఇంటర్నెట్ ఉండదు. వారానికి ఒక సందేశం ఇంటికి పంపుకోవచ్చు. అయితే ప్రతి సందేశాన్నీ ముందుగా ఒక మనిషి చదవాలి, లేదా వినాలి. తమిళానికి మనుషులున్నారు. తెలుగుకి లేరు. యానాం వాళ్ళు, నెల్లూరు వాళ్ళు తెలుగులో టైపు చేస్తున్నారు. మన ఊరి తెలుగువాళ్ళకు అక్షరాలు రావు కాబట్టి మాటల్లో రికార్డు చేస్తున్నారు. పదకొండు రోజులుగా అవన్నీ ఆగి ఉన్నాయి.

"ఈ ఊళ్ళో తెలుగు మాట్లాడేవాళ్ళు వీధికి పదిమంది ఆంటీ. చదివేవాళ్ళు ఒక్కరు దొరకలేదు. మీరు రోజూ ఏదో రాస్తుంటారు కదా" అంది తమిళంలో.

గూడూరులో పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. ఇక్కడికి కాపురానికి వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళు. ఈ ఇంట్లో తెలుగు చదవగలిగింది నేనొక్కదాన్నే. అందుకే ఈ డైరీని దాచే అవసరం ఎప్పుడూ రాలేదు.

ఆలోచించి చెబుతానన్నాను.

3 జూన్

ఆయనకు చెప్పాను. అన్నం కలుపుతూ ఆగారు.

"జైలుకా? మన ముని ఉండేది ఆడనే కదా?"

"అక్కడ చాలామంది ఉంటారు. వారానికొక్కసారి, బుధవారం. మూడు గంటల పని."

"నీకెందుకు హేమా ఆ పీడ? ఇంట్లో పని లేదా?"

"పదకొండింటికల్లా పని అయిపోతుంది."

"సరే, పో. ఆడ జరిగేది ఏదీ నాకాడ చెప్పబాక."

ముని మా పాత్రల షాపులో పదకొండేళ్ళు పనిచేశాడు. మేట్టుపాళయం గోడౌనులో రాగి బిందెలు దొంగతనమైన కేసులో మూడేళ్ళు శిక్ష పడింది. ఆ కేసులో నేను సాక్షిని. అది అయిపోయిన సంగతి.

4 జూన్, బుధవారం

జైలు బయటి ఆఫీసులో నాలుగు పేజీల కాగితం ఇచ్చారు. ట్యాబ్లెట్ల వ్యవహారం చూసే అధికారి పేరు రంగరాజన్. మర్యాదగా మాట్లాడతాడు, ప్రతి మాటా రెండుసార్లు చెబుతాడు. నిబంధనలు చదివి వినిపించాడు. బెదిరింపు ఉంటే ఆపాలి. అంకెలు వరుసగా చెబితే ఆపాలి. కేసులో ఫిర్యాదుదారు పేరు గాని సాక్షి పేరు గాని వస్తే ఆపాలి. నెలలో మూడు సందేశాలు ఆగితే ఆ ఖైదీ ట్యాబ్లెట్ నెల రోజులు వెనక్కి తీసుకుంటారు. ఎందుకు ఆగిందో ఖైదీకి చెప్పరు. విన్నది బయట చెప్పకూడదు, రాసుకోకూడదు.

ఇది చెప్పడం కాదు. రోజు లెక్క రాసుకుంటున్నాను, అంతే.

చివరి పేజీలో ఒక గడి ఉంది. ఖైదీల్లో ఎవరితోనైనా మీకు సంబంధం ఉందా? ఉంటే వివరాలు.

పనిచేసినవాడు బంధువు కాడు. స్నేహితుడు కాడు. ఇప్పుడు పనివాడు కూడా కాడు. లేదు అని రాసి సంతకం పెట్టాను. రంగరాజన్ స్టాంపు వేశాడు.

వచ్చేటప్పుడు అరటిపువ్వు ఒకటి, మునగాకు రెండు కట్టలు.

11 జూన్

ముప్పై ఏడు సందేశాలు. చదివేవి పందొమ్మిది, వినేవి పద్దెనిమిది. ఫ్యాన్ కింద బల్ల, చెవులకు హెడ్‌ఫోన్. తెర మీద రెండు గుర్తులు: పచ్చది పంపు, ఎర్రది ఆపు.

యానాం అతను పుంజులు ఎలా ఉన్నాయని నాలుగు వాక్యాలు రాశాడు, పెళ్ళాం ఎలా ఉందని సగం వాక్యం. పంపాను. ఇంకొకడు ఫ్రిజ్ అమ్మవద్దని బతిమాలాడు. పంపాను. ఒకాయన దేవుడి పాట మొత్తం పాడాడు, రెండు నిమిషాలూ. శ్రుతి లేదు. దానికి నిబంధన లేదు. పంపాను.

ఇరవై నాలుగోది మొదలవగానే గొంతు గుర్తుపట్టాను. పేరు తరువాత చూశాను.

"అమా, నేను ముని. బాగుండా. సోరు బాగానే పెడతా ఉండారు, ఉప్పే తక్కువ. కంట్లో చుక్కల మందు యేసుకుంటా ఉండావా? జూలై తొమ్మిదికి మన అప్పీలు అన్నాడు లాయరు వీరాసామి. అమా, ఇంకోటి. నువ్వు ఆ హేమావతమ్మను తిట్టబాక. యెదురొస్తే మొకం తిప్పుకోబాక. ఆయమ్మ చూడంది రాయదు. పదకొండేండ్లు చూసినా నేను. నా మాదిరి యెవురో వొచ్చుంటారు, సాయంత్రం కదా, పోల్చలేక ఉంటాది. ఆయమ్మ మీద నాకు కోపమేం లే. సరేనా. మందు మరిచిపోబాక."

సాక్షి పేరు ఉంది. ఎర్ర గుర్తు నొక్కాను. కారణం అన్నచోట 'సాక్షి ప్రస్తావన' అని రాశాను.

నిబంధన ప్రకారం అది సరైనదే. నా స్థానంలో ఎవరున్నా ఆపేవారు.

మిగతా పదమూడూ పూర్తిచేసి వచ్చాను. రాత్రికి ఉప్మా.

12 జూన్

దేవుడి గది కడిగాను. ఇత్తడి సామాను తోమాను, పద్నాలుగు. కిటికీ తెరలు ఉతికాను, ఆరు. బియ్యం చెరిగాను. బీరువాలో చీరలు తీసి మళ్ళీ మడిచాను, నలభై ఒకటి.

14 జూన్

మా ఇంట్లో తాళం చెవులన్నీ హాల్లో మేకులకు ఉంటాయి. షాపుది, గోడౌనుది, మేడది. ఎవరు తీసినా ఎన్నింటికి తీశారో, ఎన్నింటికి తిరిగి పెట్టారో ఒక పుస్తకంలో రాస్తాను. ఆయనకు తెలుగు చదవడం రాదు కాబట్టి ఆ పుస్తకం మాత్రం తమిళంలో రాస్తాను. అలవాటు చేసింది మా అత్త సౌభాగ్యం గారు. ఆవిడ గోడ మీద బొగ్గుతో గీసేవారు. నేను పుస్తకం పెట్టాను.

2023 నవంబరు 16 గురువారం కింద ఇలా ఉంది: 6.40, ముని, గోడౌను.

కోర్టులో దాన్నే చూపించారు. జడ్జిగారు పేజీలు వెనక్కి తిప్పి చూశారు. పదేళ్ళ నుంచి ఒక్కరోజు కూడా తప్పలేదని అన్నారట. ఆయన ఇంటికి వచ్చి ఆ మాట అందరికీ చెప్పారు.

చేతిరాత నాదే.

15 జూన్

ఆదివారం. చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

18 జూన్

నలభై రెండు.

ముందు ఇళ్ళ నుంచి ఖైదీలకు వచ్చే సందేశాలు విన్నాను. మునికి వాళ్ళ అమ్మ మణియమ్మ ఎవరి ఫోన్‌లోనో చెప్పించింది. "ఏంది నాయనా, అందరి పిల్లోళ్ళ గొంతు వొచ్చా ఉంది, నీది రాలా. జొరమా? నా మింద కోపమా? పక్కింటి సెల్లు ఇరవైనాలుగు గంటలూ నాకాడే పెట్టుకోనుండా. ఆ పిల్ల తిడతా ఉంది." పంపాను.

తరువాత మునిది. "అమా, పోయినసారి నా మాట ఆపేసినారంట. యెందుకో చెప్పలా. ఏం తప్పు పలికినానో తెలియలా. మల్లీ అదే చెప్తా విను..." ఉప్పు, చుక్కల మందు, జూలై తొమ్మిది. హేమావతమ్మను తిట్టబాక.

ఆపాను. ఇది రెండోది.

పని అయ్యాక రంగరాజన్‌తో అన్నాను, ఎందుకు ఆపామో చెప్పకపోతే వాళ్ళు మళ్ళీ అదే చెబుతారు కదా అని.

"కారణం చెబితే దొడ్డిదారి వెతుకుతారమ్మా. దొడ్డిదారి వెతుకుతారు."

"చెప్పకపోతే మంచివాడు కూడా మూడుసార్లూ అదే తప్పు చేస్తాడు. దారి వెతికేవాడు ఎలాగూ మూడు రకాలుగా వెతుకుతాడు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నిబంధనలు ఇంకా ఖరారు కాలేదని, నెలాఖరుకి పైకి పంపాలని, నాకు తోచింది రాసి ఇమ్మని అన్నాడు. సరణ్య పక్క నుంచి, "ఆంటీ రాస్తే కామా కూడా తప్పదు సర్" అంది.

19 జూన్

రాశాను. ఆపిన కారణం ఖైదీకి ఒక్క వాక్యంలో చెప్పాలి. ఒకరు ఆపినదాన్ని మరొకరు విన్న తరువాతే లెక్కలోకి తీసుకోవాలి. తల్లికి రాసిన మాటకీ సాక్షికి పంపిన మాటకీ తేడా చూడాలి. మాటలు రికార్డు చేసేవాళ్ళకు అచ్చువేసిన నిబంధనలు ఉపయోగపడవు కాబట్టి అవి కూడా మాటల్లో చెప్పి పెట్టాలి. సందేశాలను తొంభై రోజుల తరువాత చెరిపేయాలి, చెరిపినట్టు పుస్తకంలో రాయాలి.

ఐదు. ఆరోది కూడా ఉంది. అంకె వేసి ఖాళీగా వదిలాను. తరువాత అంకె కూడా కొట్టేశాను.

21 జూన్, శనివారం

బట్టలు నానబెట్టే ముందు జేబులు చూస్తాను. ఈ రోజు ఆయన జేబుల్లో ఒక పెన్ను, మందుల చీటీ.

2023 నవంబరు 18 కూడా శనివారమే. ఆ రోజు కూడా చూశాను. గురువారం ఆయన వేసుకున్న తెల్ల చొక్కా జేబులో గోడౌను తాళం చెవి ఉంది.

అది రాసే పుస్తకం వేరే లేదు. ఇందులో రాస్తాను.

గురువారం సాయంత్రం నేను ఇంట్లో లేను. మా ఆడపడుచు మనవరాలికి చెవులు కుట్టిస్తుంటే పోయి ఎనిమిదింటికి వచ్చాను. మేకుకు గోడౌను చెవి లేదు. పుస్తకంలో ఏమీ లేదు. శుక్రవారం పొద్దున గోడౌను తలుపు తాళం లేకుండా ఊరికే మూసి ఉంది, రాగి బిందెలు అరవై రెండు పోయాయి. ఆయన వచ్చి "నిన్న ఆరు నలభైకి మునే తీసుకపోయినాడు, రాయి" అన్నారు. ఆయన నమ్మి అన్నారనే అనుకున్నాను. చూడకుండా రాశాను. పదేళ్ళలో అలా రాసింది అదొక్కటే. శుక్రవారం మధ్యాహ్నం మునిని పట్టుకుపోయారు. ఆ సాయంత్రం అమ్మను కంటి ఆస్పత్రికి తీసుకుపోయానని వాడు చెప్పాడు. చీటీ దొరకలేదు.

శనివారం చెవి చూపిస్తే ఆయన మంచం మీద కూర్చున్నారు. గురువారం సాయంత్రం తనే గోడౌనుకి పోయి, ఫోన్ మాట్లాడుతూ తాళం వేయడం మరిచి వచ్చారు. తాళం వేయని గోడౌనుకి బీమా రాదు. "ఇప్పుడు ఏం చేస్తాం హేమా, కేసు రాసేసినారు" అన్నారు.

చెవి కడిగి మేకుకు తగిలించాను.

బిందెలు వాడు తీయలేదని నాకు తెలియదు. తీశాడనీ తెలియదు. చెవి వాడి దగ్గర లేదని మాత్రం తెలుసు. ఏడాది తరువాత కోర్టులో బోనెక్కి, చూసి రాశానని చెప్పాను.

25 జూన్

బస్సు దిగేసరికి జైలు గేటు పక్కన మణియమ్మ కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. మొహం తిప్పుకోలేదు, కానీ నవ్వలేదు.

"మీరు యాడికొచ్చినారమ్మా ఇట్టా?"

"ఇక్కడ చిన్న పని మణియమ్మా. నువ్వు?"

"నా కొడుకు మాట ఆపేస్తా ఉండారంట, వాడితో ఉండే పిల్లోడు వాళ్ళింటికి చెప్పినాడు. రెండు దఫాలు. యెవురో తెలుగామెను పెట్టినారంట, ఆమె చేతిలో ఉందంట. ఆ తల్లి యెవురో చూసి కాళ్ళు పట్టుకుందామని వొచ్చినా. లోపలికి పోనీలా."

"ఆపితే ఏదో కారణం ఉంటుంది."

"ఏం కారణమమ్మా? వాడు బాంబులు చెప్తాడా నాకు? చుక్కలు యేసుకున్నావా, అన్నం తిన్నావా, అదే కదా. మూడోది ఆపితే ఆ పలక కూడా పెరుక్కుంటారంట. దాంట్లోనే వాడు తమిళం చదవను నేర్చుకుంటా ఉండాడు. పేరు రాస్తాడంట ఇప్పుడు. ముప్పై మూడేండ్లకు!" ఆ మాటకు నవ్వు వచ్చి మళ్ళీ పోయింది. "మీకు లోపల తెలిసినోళ్ళు ఉండారా అమ్మా? ఒక మాట చెప్తారా?"

చెబుతానన్నాను.

లోపల ముని సందేశం తొమ్మిదోది. "అమా, ఏం పలకాలో తెలియలా. ఈసారి ఊరికే పేరు చెప్తా, విను. మునిసామి. నేనే రాసినా దీంట్లో, నువ్వు చదవలేవు కదా, అందుకు పలుకుతా ఉండా. హేమావతమ్మకు చూపిస్తే సంతోషపడతాది, పుస్తకమూ పెన్నూ అంటే ఆయమ్మకు ప్రాణం. అంతే అమా."

సాక్షి పేరు ఉంది. మూడోది.

ఏ గుర్తూ నొక్కలేదు. ముప్పై ఎనిమిది పూర్తిచేసి, ఒకటి మిగిలిందని పుస్తకంలో రాసి వచ్చాను. మిగిలింది వచ్చే బుధవారం దాకా ఉంటుంది.

28 జూన్

ఆయనకు చెప్పాను. షాపు మూసి వచ్చి కాళ్ళు కడుక్కున్న తరువాత, కోర్టులో ఉన్నది ఉన్నట్టు చెబుతానని.

"నేను తాళం మరిచిపోయినా, సరే. అంత మాత్రాన బిందెలు నేను ఎత్తకపోయినానా?"

"ముని ఎత్తుకుపోయాడా?"

"నాకేం తెలుసు?"

"నాకూ తెలియదు. తెలియకుండానే రాశాను."

"ఊర్లో ఎంతమంది ఎన్ని రాస్తారు! నువ్వేమన్నా రిజిస్ట్రాఫీసువా?"

"ఈ ఇంట్లో రాసేది నేనొక్కదాన్నే."

"బీమా డబ్బు తిరిగి కట్టాల. ఇంట్లో ఆడమనిషిని కోర్టుకు ఈడస్తారు. అశ్వత్థనారాయణ పెండ్లాం దొంగ సాక్ష్యం చెప్పిందంటారు, ఈ బజార్లో నేను తలకాయ ఎత్తలేను. అది బాగుంటాదా నీకు?"

"బాగుండదు."

"మరి?"

వడ్డించాను. తిన్నారు. రసం ఇంకొంచెం అడిగారు. చేయి కడుక్కుని వచ్చి, "నన్ను అడగబాక. ఆపను, రమ్మన్నా రాను" అన్నారు.

2 జూలై

పదింటికి రంగరాజన్ దగ్గర కూర్చుని, నాలుగో పేజీ తీయించి, గడి చూపించి చెప్పాను. ఆయన ఈసారి ఏ మాటా రెండుసార్లు చెప్పలేదు.

"ముందే తెలిసి రాశారా?"

"తెలిసే."

"రెండు సందేశాలు ఆపారు."

"రెండు. మూడోది ఆపలేదు, పంపలేదు."

సరణ్య గోడ వైపు చూస్తూ నిలబడింది. కొత్త మనిషిని యానాం నుంచి ఫోన్ మీద ఏర్పాటు చేస్తారు. నేను ఆపిన రెండూ లెక్కలోకి రావు, మూడూ మొదటి నుంచి వింటారు. మునికి ట్యాబ్లెట్ ఉంటుంది. నా పేరు తీసేశారు. ఆరో సూచన అక్కడే రాసి ఇచ్చాను: వినేవారు కాగితం మీద లేదని రాస్తే చాలదు. ఖైదీల పేర్లు, కేసులు, సాక్షుల పేర్లు ముందు పెట్టి సరిచూడాలి. రంగరాజన్ చదివి, తేదీ వేయమన్నాడు.

ముని మాటలు ఇక నేను వినను. వినకూడదు.

అక్కడి నుంచి లాయరు వీరాసామి ఆఫీసు. తాళాల పుస్తకం ఇచ్చాను. "దీంతో మీ మీదే కేసు రావచ్చమ్మా, తెలుసా?" అన్నారు. తెలుసన్నాను. నాలుగు పేజీలు టైపు చేసి చదివి వినిపించారు. 'పొరపాటున రాసినట్టు' అని ఒకచోట ఉంది. ఆ మాట కొట్టేయించి సంతకం పెట్టాను.

రాత్రికి పెసరట్టు. ఆయన షాపులోనే తిన్నారు.

9 జూలై, బుధవారం

కోర్టు. పదకొండింటికి పిలుస్తామన్నారు, మూడింటికి పిలిచారు. నా కాగితం తీసుకున్నారు. 23న మళ్ళీ వచ్చి బోనులో చెప్పాలి. అప్పటిదాకా మునికి బెయిలు. పూచీకత్తు కాగితాలు పూర్తయితే రెండు రోజుల్లో వస్తాడట.

మణియమ్మ వెనక బెంచీలో ఉంది. వీరాసామి ఆమెకు తమిళంలో వివరంగా చెప్పారు, ఎవరు ఆపారో, ఎవరు రాశారో, చెవి ఎక్కడ దొరికిందో. విని చాలాసేపు చెంగు ముడి విప్పుతూ కడుతూ కూర్చుంది. నా వైపు రాలేదు.

బస్సులో ఇద్దరమే ఆడవాళ్ళం. నా దగ్గర ఐదువందల నోటు తప్ప వేరే లేదు, కండక్టరు చిల్లర లేదని దిగమన్నాడు. వెనక సీటు నుంచి మణియమ్మ, "ఉప్పళానికి రెండు టికెట్లు కొట్టు" అంది. డబ్బు ఆమే ఇచ్చింది.

10 జూలై

ముగ్గు, పాలు, డికాక్షన్. బట్టలు ఒక బకెట్. ఆయన చొక్కాలు ఆయనే ఇస్త్రీకి ఇచ్చుకున్నారు. వంకాయ కూర, చారు.

పదకొండింటికి మణియమ్మ ఇంటికి పోయాను. నేల ఊడుస్తోంది. గోడకు కొత్త చొక్కా ఒకటి, ఇంకా మడతలు పోలేదు. గడప బయటే నిలబడి చిల్లర పట్టుకుని చేయి చాచాను. చీపురు పక్కన పెట్టి, లెక్కపెట్టి, తీసుకుంది.

"ఇంతేనా అమ్మా నాకు మీరు ఇయ్యాల్సింది?"

"ఇంకా ఉంది."

"ఉండాది కదా. అదే అడిగినా."

మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది. దుమ్ము నా వైపు రాకుండా పక్కకు తిప్పింది.

మణియమ్మకు బస్సు టికెట్ బాకీ, పన్నెండు రూపాయలు. తీరింది.